ఇస్లామీయ విద్యాలయములందు నాయకత్వము



మన నూర్‌బాషా సమాజము సభ తీర్చినప్పుడెల్ల విద్యనుగూర్చి తీర్మానములు చేయుట పరిపాటియై యున్నది. విద్యార్థి వేతనములకని, వసతిగృహములకని, మదరసాలకని దాతలు విరాళములు ప్రకటింతురు. సభాసదులు కరతాళధ్వనులతో హర్షింతురు. ఇది ముదావహమే. కాని యొక ప్రశ్న మాత్రము తరచుగ నడుగబడకయే పోవుచున్నది. స్థాపించిన విద్యాలయమునకు నాయకు డెవడు? ధనమిచ్చిన దాతయా, పాఠము చెప్పు గురువా, లెక్కలు చూచు కార్యదర్శియా, లేక వీరందరికి పైనుండు సభయా? ఈ ప్రశ్నకు ముందుగ సమాధానము చెప్పుకొనని విద్యాలయము, ఎంత ధనము ప్రోగుచేసినను, తనను స్థాపించిన మనుష్యుని యాయువునకు మించి నిలుచుట దుర్లభము.

ఇస్లామీయ విద్యాచరిత్రమున ఈ ప్రశ్న తొమ్మిది వందల యేండ్లకు పైగ విచారింపబడుచు వచ్చినది. బాగ్దాదునందు, బీదరునందు, లక్నోయందు, దేవబందునందు, హైదరాబాదునందు పెద్దలు దీనికి వేరువేరు సమాధానములు చెప్పిరి. ఆ సమాధానములను, వాని ఫలములను ఈ వ్యాసమున సంగ్రహముగ విన్నవించి, వానివలన మనము గ్రహింపదగిన దేదో మనవి చేయుదును.

మంత్రి కట్టిన మదరసా

సెల్జూకు సుల్తానులకు మంత్రియైన నిజాముల్‌ముల్కు బాగ్దాదు నగరమున నిజామియా యను మదరసాను కట్టించి 1067లో ప్రారంభింపజేసెను. ధర్మశాస్త్రమునందు నాటికి మేటియైన అబూ ఇస్‌హాఖ్ షీరాజీగారిని దానికి ముదర్రిసుగ, అనగా ప్రధానాచార్యునిగ, నియమించెను. ప్రారంభదినమున నగర ప్రముఖులందరును గూడిరి. ఆచార్యుడు మాత్రము రాలేదు. ఆ భవనమునకు వాడిన స్థలము న్యాయముగ సంపాదింపబడినది కాదేమో యను శంక ఆయనకు గలిగెను. సభ యంతయు నెదురుచూచి తుదకు ఇబ్నుస్సబ్బాగ్ అను వేరొక పండితుని పీఠమున గూర్చుండబెట్టెను. సుమారు ఇరువది దినములు గడచిన పిదప, శిష్యుల యొత్తిడివలనను మంత్రి పట్టుదలవలనను షీరాజీగారు పీఠము నంగీకరించి, 1083లో మరణించువరకు పాఠము చెప్పిరి. అయినను నమాజు వేళకు ఆ భవనము వెడలి వేరొక మసీదునకు బోయి ప్రార్థించువారని చరిత్రకారులు వ్రాసిరి.

ఈ వృత్తాంతమున గొప్ప నీతి గలదు. మదరసా మంత్రిది; ధనము మంత్రిది; కాని గురువు లేక ప్రారంభోత్సవము సాగినది కాదు. దాత పిలిచినంతమాత్రమున గురువు రాడనియు, వచ్చినను తన మనస్సాక్షిని గుమ్మమువద్ద విడిచి రాడనియు నాడే లోకమునకు దెలిసినది.

అయితే నిజాముల్‌ముల్కు ఆచార్యులను నియమించుటకును తొలగించుటకును గల యధికారమును తనయందే యుంచుకొనెను. ఆ యధికారముతోడనే 1091లో ఇమాము గజాలీగారిని నిజామియా పీఠమునకు దెచ్చెను. 1058లో జన్మించిన గజాలీగారికి అప్పటికి ముప్పదిమూడేండ్ల వయస్సు. మూడువందల మంది విద్యార్థులు తనయొద్ద జదువుచుండిరని ఆయనయే తన యాత్మకథలో జెప్పుకొనెను. మరుసటి యేట, 1092లో, మంత్రి హంతకుల చేతిలో గూలెను. కొలది దినములకే సుల్తాను మలిక్‌షాయును మరణించెను. 1095లో గజాలీగారు తన చిత్తశాంతికొరకు పీఠమును వీడి, బోధనభారమును తమ్ముడైన అహమ్మదునకు అప్పగించి, దేశాంతరము వెడలిరి. ఇస్లామీయ లోకమున నత్యున్నతమైన గురుపీఠమునుండి స్వేచ్ఛగ దిగిపోగల ధైర్యము ఆయనకు గలిగెను. గురుత్వము పీఠమునందు గాక పురుషునియందే యున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా? పదునొకండేండ్ల పిదప 1106లో నిషాపూరు నిజామియాలో ఆయన మరల బోధింపసాగినప్పుడు విద్యార్థులు వెదకికొని వచ్చినది ఆ పురుషుని కొరకే గదా!

ఇక వక్ఫు అను ధర్మశాసన పద్ధతినిగూర్చి యొకమాట. దాత తన యాస్తిని వక్ఫు చేసినయెడల దాని నమ్ముటకుగాని, వారసులు పంచుకొనుటకుగాని వీలులేదు. దాత విధించిన నియమముల ప్రకారము ముతవల్లీ, అనగా ధర్మకర్త, దాని యాదాయమును వినియోగింపవలయును. ఖలీఫా ముస్తన్సిర్ 1234లో బాగ్దాదున ప్రారంభించిన ముస్తన్సిరియా విద్యాలయమున నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయములకును ఒక్కొక్కదానికి 62 మంది చొప్పున విద్యార్థుల సంఖ్య నిర్ణయింపబడెను. 1258లో హులాకూ సేనలు నగరమును నాశనము చేసి ఖలీఫాను సంహరించినను ఆ విద్యాలయము మరల తలయెత్తి నడచెను. దాతృత్వము నియమబద్ధమైనచో దాతయే లేని దినమునను అది జీవించునని దీనివలన దెలియుచున్నది.

బీదరు శిథిలములు

మన దక్కనునకు వత్తము. బహమనీ రాజ్యమునకు మంత్రియైన మహమూదు గవాను బీదరు పట్టణమున 1472లో మూడంతస్తుల మదరసాను, దానియందొక గ్రంథాలయమును నిర్మించెను. పారశీకదేశపు పింగాణీ పలకలతో నలంకరింపబడిన ఆ మీనారు నేటికిని యాత్రికుల నాశ్చర్యపరచుచున్నది. శత్రువులు ఆయన ముద్ర వేసి కూటలేఖ సృష్టింపగా, సుల్తాను విచారణ చేయక 1481లో ఆయనకు మరణదండన విధించెను. ఆ పిమ్మట బహమనీ రాజ్యమే ముక్కలైపోయెను. ఔరంగజేబు కాలమున తుపాకిమందు పేలి మదరసా భవనములో కొంతభాగము కూలిపోయెను.

నేడు బీదరునకు బోవువారు చూచునది గవాను కీర్తిని జాటు శిథిలభవనమే కాని సజీవమైన గురుశిష్యపరంపర కాదు. మహాదాత, మహాపండితుడు, నిష్కళంకుడు నైన మంత్రి యొక్కనిపై నాధారపడిన విద్యకు గలిగిన గతి యిది. ఒక్క స్తంభముపై నిలిపిన పందిరి ఎంత యందముగ నున్ననేమి!

వంశమునందు నిలిచిన విద్య

లక్నోలోని ఫిరంగీమహలు చరిత్ర వేరొక విధమైనది. అవధు ప్రాంతపు పండితుడైన ముల్లా కుత్బుద్దీను హత్యగావింపబడగా, ఔరంగజేబు ఆయన కుమారులకు లక్నోలో ఒక యైరోపా వర్తకుడు నివసించి విడిచిన భవనము నిచ్చెను. ఆ కుమారులలో నొకరైన ముల్లా నిజాముద్దీనుగారు (మరణము 1748) ఏర్పరచిన పాఠక్రమమే 'దర్సె నిజామీ' యని ప్రసిద్ధి కెక్కి, నేటికిని భారతదేశపు మదరసాలలో మార్పులతో వ్యాపించియున్నది. బాగ్దాదు నిజామియాకును దీనికిని పేరున పోలికయే కాని సంబంధము లేదు.

ఇచ్చట నాయకత్వము వంశమునందు నిలిచెను. తండ్రియొద్ద కొడుకు, పినతండ్రియొద్ద అన్నకొడుకు చదివి, తిరిగి గురువులైరి. ఈ వంశపు పండితులు దూరదేశములకు బోయి విద్యాదానము చేసిరి. నిజాముద్దీనుగారి కుమారుడు, 'బహ్రుల్ ఉలూమ్' అనగా విద్యాసముద్రుడని బిరుదముగల అబ్దుల్ అలీగారు, ఆర్కాటు నవాబు వాలాజా యాదరమున చెన్నపట్టణము జేరి, అచ్చటనే 1810లో మరణించిరి. దక్షిణదేశమునకు ఫిరంగీమహలు విద్య ఈ విధముగ దిగివచ్చినది.

వంశపరంపరవలన విద్యకు నిలుకడ కలుగును, సందేహము లేదు. కాని ఇంటివారిలో పండితుడు పుట్టనినాడు విద్యాలయ మేమగును? వంశమునకు బయట పుట్టిన ప్రతిభావంతునికి పీఠ మెవరిత్తురు? ఈ రెండు ప్రశ్నలకును వంశనాయకత్వము సమాధానము చెప్పజాలదు.

దేవబందు పద్ధతి

1857 విప్లవముతో ఉత్తరహిందూస్థానమున మొగలు పాలన పూర్తిగ నంతరించి, మదరసాలను పోషించిన నవాబులు, జాగీర్దారులు చితికిపోయిరి. ఇక దాత యెవరు? ఈ సంకటమునుండియే 1866లో దేవబందు దారుల్ ఉలూమ్ పుట్టెను. ఛత్తా మసీదు ఆవరణమున దానిమ్మచెట్టు క్రింద గురువు ముల్లా మహమూదుగారు, శిష్యుడు మహమూదుల్ హసన్: ఇంతే నాటి విద్యాలయము. హాజీ ఆబిద్ హుసేనుగారు ఇంటింటికి దిరిగి చందాలు వసూలు చేసి, ప్రథమ ముహతమిం, అనగా నిర్వాహకుడు, అయిరి. మౌలానా యాకూబు నానౌతవీగారు సదరు ముదర్రిసు, అనగా ప్రధానోపాధ్యాయులు. సంస్థకు ఆత్మవంటివారైన మౌలానా కాసిం నానౌతవీగారు పోషకులుగ హితవు చెప్పువారేకాని నిర్వాహకపదవిని కోరినవారు కారు. వీరందరికి తోడు షూరా, అనగా ఆలోచనసభ, యొకటి యుండెను.

ఈ యేర్పాటునందలి విశేషమును గమనింపుడు. హితవు చెప్పువారొకరు, లెక్కయు వ్యవహారమును చూచువారొకరు, పాఠములకు బాధ్యులొకరు, పెద్దవిషయముల నిర్ణయించుట సభ పని. ఒకరి పనిలో నొకరు చొరబడకుండ హద్దు లేర్పడెను.

నానౌతవీగారు సంస్థకొరకు ఎనిమిది నియమములు వ్రాసియిచ్చిరి. వాని సారాంశ మిది: నిర్వాహకుడు ఆలోచనసభ సలహాలేక నడువరాదు; సభ్యులు తమ మాటయే నెగ్గవలయునని పంతము పట్టరాదు; స్థిరమైన జాగీరుగాని, వర్తకపు లాభముగాని, ధనికుని శాశ్వతవాగ్దానముగాని లభించెనా, దైవముపై భారము తగ్గి, పనివారిలో కలహములు పుట్టును; ప్రభుత్వముయొక్కయు ధనవంతులయొక్కయు జోక్యము హానికరము; పేరు కోరని సామాన్యుల విరాళమే శ్రేయస్కరము. స్థిరాదాయమును భాగ్యమనుకొను మనబోటివారికి ఈ మూడవమాట వింతగ దోచును. కాని నెలనెలకు జనుల ముందు చేయి చాపవలసిన సంస్థ జనులకు లెక్క చెప్పక తప్పదు. లెక్క చెప్పు సంస్థ చెడిపోవుట యరుదు. దేవబందువారు ఏటేట వృత్తాంతపత్రిక ప్రకటించి, అల్పదాతల పేరులను గూడ ధనికుల పేరులతోపాటు ముద్రించుచు వచ్చిరి. ఊరివారు విద్యార్థులకు అన్నము పెట్టిరి. దూరమువారు తపాలామూలమున పైకము పంపిరి. ఒక్క నవాబు స్థానమున వేలమంది సామాన్యులు దాతలైరి.

దానిమ్మచెట్టు క్రింది తొలి శిష్యుడు మహమూదుల్ హసన్ కాలక్రమమున ఆ విద్యాలయమునకే ప్రధానోపాధ్యాయుడై, 'షేకుల్ హింద్' అని పేరొంది, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, మాల్టా ద్వీపమున చెరయనుభవించి, 1920లో విడుదలయై ఆ యేటనే స్వర్గస్థుడయ్యెను. శిష్యుడే నాయకుడగుట యన నిది.

సభయు వంశమును తలపడిన వేళ

కాని గుణములను మాత్రమే చెప్పి దోషములను దాచుట చరిత్ర కాదు. నానౌతవీగారి మనుమడు ఖారీ మహమ్మదు తయ్యబుగారు అర్ధశతాబ్దికి మించి దేవబందునకు నిర్వాహకులైయుండిరి. వారి కాలమున సంస్థ కీర్తి దేశాంతరముల వ్యాపించెను. 1980 మార్చిలో శతాబ్ది మహోత్సవము లక్షలాది జనులతో జరిగెను. ఆ వెంటనే షూరాకును నిర్వాహకునకును అధికారవివాదము పెచ్చుపెరిగెను. 1982లో వృద్ధుడైన తయ్యబుగారి చేతినుండి సంస్థ తొలగిపోయెను. వారి పక్షమువారు 'వక్ఫ్ దారుల్ ఉలూమ్' అను వేరొక విద్యాలయమును అదేయూర నెలకొల్పిరి. 1983లో ఆయన పరమపదించిరి. ఒకే యూర, ఒకే సంప్రదాయమున, ఒకే గురువులను స్మరించు రెండు విద్యాలయములు నేటికిని గలవు.

2011 జనవరిలో షూరా గుజరాతువాడైన మౌలానా గులాం మహమ్మదు వస్తాన్వీగారిని నిర్వాహకునిగ నెన్నుకొనెను. ఆయన మాటలపై వివాదము చెలరేగగా, అదే సంవత్సరము జూలైలో ఆ షూరాయే ఆయనను తొలగించి, మౌలానా అబుల్ కాసిం నౌమానీగారిని నియమించెను. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యనుట మన విచారణ కాదు. 1982లో చీలిక తెచ్చిన యధికారమార్పు 2011లో చీలిక లేకయే జరిగినదన్నది మాత్రము గమనింపదగినది. సభ యొక్క మాట పైమాటయని సందేహము లేక స్థిరపడినపిదప వ్యక్తులు వచ్చిరి, పోయిరి, విద్యాలయము చెదరలేదు.

మనలో 'ఏకువలె వచ్చి మేకువలె తగులుకొనుట' యను సామెత గలదు. దూది నేకు కులమున బుట్టిన మనకు ఏకు మెత్తదన మెట్టిదో తెలియును. మేకు కాఠిన్యమును తెలియును. వినయముతో వచ్చిన కార్యకర్త పదవిలో మేకై నాటుకొనకుండ ముందుగనే నియమ మేర్పరచుటయే మేలు. నాటుకొన్న పిదప పెరికినచో గోడయు పగులును.

హైదరాబాదునందు

హైదరాబాదు నగరమున జామియా నిజామియాను మౌలానా అన్వారుల్లా ఫారూఖీగారు 1876లో స్థాపించిరి. ఆయన ఆరవ నిజాము మహబూబు అలీఖానునకును ఏడవ నిజాము ఉస్మాను అలీఖానునకును గురువు; 'ఫజీలత్ జంగ్' బిరుదాంకితుడు; 1918లో కీర్తిశేషుడయ్యెను. ఇచ్చట రాజాదరము కలదు. కాని రాజు స్థాపించి గురువును పిలువలేదు, గురువు స్థాపించిన దానిని రాజు ఆదరించెను. బీదరునకును దీనికిని గల భేద మదియే. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము ముగిసినను జామియా ముగియలేదు. నేటికిని అచ్చట చదివినవారు పాఠములు చెప్పుచున్నారు.

స్త్రీ నాయకత్వము

బాలికలవిషయమున బేగం రుకైయా సఖావతు హుసేనుగారి చరిత్ర మరువరానిది. భర్త మరణానంతరము 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది బాలికలతో ఆమె ముస్లిము బాలికా పాఠశాలను నడుపసాగెను. దాతయు తానే, ఉపాధ్యాయినియు తానే, కార్యదర్శియు తానే. ఘోషాకు భంగము రాకుండ బండ్లు కట్టించి, ఇంటింటికి బోయి తల్లిదండ్రులను బ్రతిమాలి బాలికలను దెచ్చెను. 1932లో ఆమె మరణించినను ఆ పాఠశాల భర్తపేరున నేటికిని నిలిచియున్నది. పురుషులు తీర్మానములు చేయుచుండగా ఒక వితంతువు విద్యాలయము నిలిపెను. మన విద్యాసంఘములలో స్త్రీలకు స్థానమెంత యని మనము మనల నడుగుకొనవలయును.

మాతృభాషయు గురువును

ఇక మన సమాజమునకు ప్రత్యేకమైన విషయము. మనము ఇస్లామును నమ్మినవారము. మన యింట తెలుగే మాటాడువారము. మన పూర్వులు దూది నేకి, పరుపులు కుట్టి, తెలుగు పల్లెలలో తెలుగువారై జీవించిరి. దర్సె నిజామీ గ్రంథములు అరబ్బీవి. ఉత్తరదేశపు మదరసాలలో వానికి వ్యాఖ్యానము ఉర్దూలో జరుగును. కావున తెలుగు బాలుడు ధర్మవిద్య నేర్వదలచినచో ముందొక పరాయిభాష, ఆపై రెండవభాష నేర్వవలసివచ్చును. ఆ రెండు మెట్లు ఎక్కలేక వెనుదిరిగినవానికి బుద్ధి లేదనుట న్యాయము కాదు. ఎక్కలేనివారి బిడ్డలు వినువారుగనే యుందురు, చెప్పువారు కాజాలరు. చెప్పువారు లేని సమాజమునకు విద్యాలయమున నాయకత్వ మెట్లు వచ్చును?

కేరళదేశపు ముస్లిములు ఈ చిక్కును విప్పుకొనిరి. 1926లో నేర్పడిన సమస్త యను ఉలమాసంఘము 1951లో ధర్మవిద్యకై యొక బోర్డు నేర్పరచి, గ్రామగ్రామమున మహల్లు సంఘములచేత మదరసాలు నడిపించెను. అరబ్బీలిపిలో వ్రాసిన మలయాళమున పాఠ్యపుస్తకములు అచ్చొత్తించెను. ఉపాధ్యాయులకు శిక్షణయు, విద్యార్థులకు ఉమ్మడి పరీక్షయు నేర్పాటు చేసెను. నేడు దాని క్రింద పదివేలకు మించి మదరసాలు గలవు. బాలుడు బడికి బోవు వేళకు భంగము లేకుండ ధర్మవిద్య తన యూర, తన భాషలో నేర్చుచున్నాడు. అందుచేతనే అచ్చట గురువులకు కొరత లేదు.

తెలుగున ఖురాను అనువాదములలో మొదటిదిగ ప్రసిద్ధమైనది హిందువైన చిలుకూరి నారాయణరావు పంతులుగారిది. ఆ మహనీయునకు మనము కృతజ్ఞులము. కాని ఆ కృతజ్ఞతతోపాటు, ఆ పని చేయుటకు మనలోనుండి ఒకడు ముందుగ బయలుదేరలేదే యను వెలితియు మనకు కలుగవలయును. ఆ వెలితి తీరుట విరాళములతో గాదు; విద్వాంసులతో.

మన కర్తవ్యము

కావున మహాసభవారికి నాలుగు విషయములు మనవి చేయుచున్నాను. ఒకటి: మన సంఘము నడపు ఏ విద్యాలయమునందైనను దాత, నిర్వాహకుడు, ప్రధానోపాధ్యాయుడు, ఆలోచనసభ, ఈ నలుగురి యధికారములకును హద్దులు వ్రాతమూలమున నిర్ణయింపబడవలయును, నిర్వాహకునకు కాలపరిమితి యుండవలయును. రెండు: పాఠముల విషయమున గురువు మాటయే చెల్లవలయును, దాత గౌరవింపదగినవాడు గాని పాఠమును దిద్దదగినవాడు కాడు. మూడు: జమాఖర్చులు ఏటేట అచ్చొత్తించి, రూపాయి యిచ్చినవానికిని లక్ష యిచ్చినవానికిని సమానముగ పంపవలయును. నాలుగు, అన్నిటికంటె ముఖ్యము: ప్రతి సంవత్సరము మన బాలబాలికలలో కొందరిని, ఉర్దూ అరబ్బీలతోపాటు తెలుగున ధర్మమును బోధింపగల గురువులుగ తీర్చిదిద్దుటకు ప్రత్యేకనిధి యుండవలయును. భవననిధి దీని తరువాతిదే.

పోషక మహాశయులు దీనిని తమయెడ ననాదరముగ భావింపవలదు. నిజాముల్‌ముల్కును, గవానును చరిత్ర మరువలేదు. కాని గురువు లేనిదే నిజామియా తెరువబడలేదు. శిష్యుడు గురువైనందుననే దేవబందు నిలిచినది. దూదిని ఏకి, ఏకును రాట్నమున వడికి దారము చేయనిదే వస్త్రము కాదు. మనకు దూది కలదు. ఏకు నేర్పు మన పూర్వులది. వడుకువారిని తయారు చేయుటయే నేడు మిగిలిన పని. అల్లా మన ప్రయత్నమును సఫలము చేయుగాక!